మెల్లగా వెలిగే లైటు

“రాత్రిళ్ళు నీకు మేడ మీద ఏం పనమ్మా?” అని అప్పాజీ మళ్ళీ అడిగాడు.

అడుగుతున్నప్పుడు కూడా ఆయన కోడలి ముఖం చూడలేదు. టీపాయ్ మీద పెట్టిన ఫోన్‌నే చూస్తున్నాడు. ఆ ఫోన్ పోయిన పెద్దకొడుకు గణేష్‌బాబుది. రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ కరెంటు కొట్టి మనిషి పోయాడు గాని, ఫోన్ మాత్రం తండ్రి చేతిలో రోజూ చార్జింగ్ ఎక్కుతూనే ఉంది.

సాయిదుర్గ గోడకి ఆనుకుని నిలబడింది. కొంగు భుజాల నిండా కప్పుకుని, రెండు చేతులూ అందులోనే దాచుకుంది. పెద్దకర్మ అయినప్పటినుంచీ ఆమెను మూలగదిలో కూర్చోబెట్టారు. హాల్లోకి రావడం ఇదే మొదలు. అన్నయ్య యుగంధర్ వచ్చాడంటే, ఆనవాయితీగా చేసే నిద్రకి తనని పుట్టింటికి తీసుకెళ్ళడానికి వచ్చాడనుకుంది పిచ్చిది. నాలుగు రోజులు అక్కడ ఉండి, మళ్ళీ తన ఇంటికి తను వచ్చేయొచ్చనుకుంది.

యుగంధర్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. చెల్లెల్ని పలకరించలేదు కూడా.

“నేను గది దాటి రాలేదండి మావయ్యగారూ,” అంది సాయిదుర్గ.

“దాటి రాలేదంట. విన్నావా బాబూ?” అన్నాడు అప్పాజీ యుగంధర్‌తో. ఫోన్ ఎత్తి కళ్ళజోడు సర్దుకున్నాడు. “నిన్న రాత్రి, మేడ మీద గది. మొన్న రాత్రి, మేడ మీద గది. అంతకుముందూ అదే. ఇల్లు మాటుమణిగాక ఎక్కుతుంది, తెల్లవారేక దిగుతుంది. నేను చెప్పడం కాదు, నా కొడుకు పెట్టింది చెప్తోంది.”

మేడ మీద ఉన్నది ఒకటే గది. అందులో పడుకునేది సత్తిరాజు, గణేష్‌బాబు తమ్ముడు. కాకినాడలో సంబంధం ఖాయమై, అన్న పోవడంతో లగ్నం వాయిదా పడ్డవాడు.

సాయిదుర్గకి తల కొట్టేసినట్టయింది. ఆ మాటకి అర్థం ఏమిటో ఇంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి తెలుసుకోవలసివచ్చింది.

గణేష్‌బాబు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లకి ఆటోమేటిక్ పెట్టేవాడు. ఆ పిచ్చి ఇంటికీ తెచ్చాడు. అందరికీ చేతికి తలో బ్యాండ్, ప్రతి గదిలో ప్లగ్గుకి అగ్గిపెట్టెంత పెట్టె. బ్యాండ్‌లోంచి వచ్చే బ్లూటూత్ ఏ పెట్టెకి గట్టిగా అందితే మనిషి ఆ గదిలో ఉన్నట్టు లెక్క. మనిషి అడుగుపెడితే లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, మనిషి వెళ్ళిపోతే అవీ ఆగిపోతాయి. స్విచ్‌లు కనిపిస్తే నాన్న అలవాటుకొద్దీ నొక్కేస్తున్నాడని, బోర్డులన్నిటి మీదా తెల్లటి ప్లేట్లు వేసి బిగించేశాడు. పక్కన నిలబడి స్క్రూలు అందించింది సాయిదుర్గే.

అత్తగారు పాపాయమ్మ ఒక్కత్తే ఆ బ్యాండ్ పెట్టుకోలేదు. దురద అంది. దాన్ని వంటింట్లో మేకుకి తగిలించేసింది. అందుకని ఫోన్‌లో ఎప్పుడు చూసినా పాపాయమ్మ వంటింట్లోనే ఉండేది. “మా అమ్మకి తీర్థయాత్రలు లేవు” అని గణేష్‌బాబు నవ్వేవాడు. ఆవిడ నడిచినచోట వేరే ఎవరో ఉంటేనే వెలుతురు, లేకపోతే తడుముకోవడమే.

సాయిదుర్గకి పార్శ్వపు నొప్పి ఉంది. ఒక్కసారిగా లైటు పడితే తల పగిలిపోతుంది. అందరికీ భళ్ళున వెలిగే లైటు, ఆమె వస్తే మాత్రం పసుపుపచ్చగా మొదలై మెల్లగా పెరిగేలా పెట్టాడు గణేష్‌బాబు. ఆ ఇల్లు ఆమెకి ఆయనే. ఆయన వేలు పెట్టని గోడ లేదు అందులో. అందుకే ఎవరేమన్నా ఈ ఇల్లు వదిలి పోకూడదని, ఆ మూలగది చీకట్లో కూర్చుని ఒట్టు పెట్టుకుంది.

చీకటి అన్నది నిజంగా చీకటే. బ్యాండ్ లేని మనిషికి ఆ ఇంట్లో లైటు వెలగదు. పాపాయమ్మ సందెవేళ గడప అవతలినుంచే ఒక ప్రమిద అందించి వెళ్ళేది. నూనె ఉన్నంతసేపు అది, తరవాత ఏమీ లేదు. అయితే ఒక్కో రాత్రి తలుపు కింద సందులోంచి నడవలో వెలుతురు కనపడేది. పసుపుపచ్చగా మొదలై, మెల్లగా పెరిగే వెలుతురు. సాయిదుర్గ ఊపిరి బిగబట్టి చూసేది. ఆయనే వచ్చాడని, తనకోసమే వేశాడని అనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేది. తలుపు తీసి చూడాలంటే మాత్రం భయం. తీస్తే ఆరిపోతుందేమోనని.

మరి ఈ ఫోన్ అప్పాజీ దగ్గర ఎందుకుందంటారా? చెరువుల మీదికి బయల్దేరేటప్పుడు, కొత్తగా బొట్టు పోయిన మనిషి ఎదురుపడకూడదు. పంట మీద ఉన్నాయి చెరువులు. అందుకని తెల్లవారుజామున చెప్పులేసుకునే ముందు, కోడలు ఏ గదిలో ఉందో ఫోన్‌లో చూసుకుని గడప దాటుతున్నాడు. కొడుకు పెళ్ళానికి వెలుతురు కోసం చేసినదాన్ని, తండ్రి ఆ పెళ్ళాం ముఖం తప్పించుకోవడానికి వాడుతున్నాడు. అలా చూస్తుండగానే ‘సాయిదుర్గ, మేడ మీద గది’ అని కనపడింది. ఒక్కరోజు కాదు, రోజూ కనపడింది.

“సత్తీ,” అని పిలిచాడు అప్పాజీ. “నువ్వు చెప్పరా.”

సత్తిరాజు మేడమెట్ల మీద కూర్చుని కాలిగోరు గిల్లుకుంటున్నాడు. తలెత్తలేదు.

“నాకేం తెలుసు నాన్నా. నేను పడుకుంటే పిడుగు పడ్డా లేవనని మీకు తెలుసు కదా.”

“అంటే వచ్చిందనా, రాలేదనా?”

“నేను పిలవలేదు. అది మాత్రం అమ్మతోడు.”

సాయిదుర్గ అతన్ని చూసింది. టైఫాయిడ్ వస్తే తను గంజి కాచి పోసిన మనిషి. ‘వదినా, ఆ పిల్ల ఫొటో ఎలా ఉంది’ అని పెళ్ళిసంబంధం ముందు తనకే చూపించుకున్న మనిషి.

“రాలేదని చెప్పడానికి నీకు నోరు రాదా సత్తీ?”

“చూడనిది ఎలా చెప్పను వదినా?” అన్నాడు. తరవాత కొంచెం గొంతు తగ్గించి, “రేపు కాకినాడవాళ్ళు అడిగితే నేను కూడా ఒకటి చెప్పుకోవాలి కదా. నిద్రలో ఉన్నాను, నాకేం తెలియదు. అంతే,” అన్నాడు.

ఫ్యాన్ తిరుగుతోంది. వంటింటి గుమ్మంలో పాపాయమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి అక్కడ ఉందో తెలియదు.

సాయిదుర్గ కొంగులోంచి చేతులు బయటికి తీసింది. రెండూ ముందుకి చాపింది. బోడి మణికట్లు. గాజులు లాగినచోట గీరుకుపోయిన గీతలు ఇంకా మానలేదు.

“ఇటు చూడండి మావయ్యగారూ. నా ముఖం చూడక్కర్లేదు, చేతులు చూడండి చాలు. బ్యాండ్ నా దగ్గర లేదు. కాలవ ఒడ్డున గాజులతోపాటు దాన్ని కూడా తీసేశారు.”

ఆ రోజు మగవాళ్ళెవరూ అటు రాలేదు. పినత్తగారు గాజులు చిట్లగొట్టి, మెట్టెలు తీసి, సూత్రాలు తెంపి, ఆఖరికి ఈ నల్లటి బ్యాండ్ పట్టుకుంది. చేతికి ఏదీ ఉండకూడదంది. అది గాజు కాదండీ అని సాయిదుర్గ అన్నా వినలేదు. క్లిప్పు ఎలా ఊడుతుందో తెలియక తోలు ఊడొచ్చేలా లాగుతుంటే, తనే విప్పి ఇచ్చింది. అది కూడా ముత్తైదువతనంలో భాగమేనని ఆ ఆడవాళ్ళంతా అనుకున్నారు. ఒక్కరికి కూడా ఇంకోలా తోచలేదు.

“మెట్టెలూ, సూత్రాలూ, అదీ కలిపి మూటకట్టి అత్తయ్యగారికి ఇచ్చారు. ఎక్కడ పెట్టారో ఆవిడనే అడగండి.”

అప్పాజీ భార్యవైపు తిరిగాడు. “ఏమే?”

పాపాయమ్మ కొడుకుని చూసింది. మెట్ల మీద సత్తిరాజు ఇంకా గోరు గిల్లుకుంటూనే ఉన్నాడు. తరవాత కోడల్ని చూసింది. ఒక్క మాట అంటే అయిపోయే విషయం. ఆ మాట ఆవిడ నోట్లోనే ఉందని, నమిలి మింగుతోందని సాయిదుర్గకి కనపడుతూనే ఉంది.

“ఏ బ్యాండు?” అంది పాపాయమ్మ. “నా దగ్గరేం లేదు. గాజులు కాలవలో పడేశారు. దాన్ని ఏం చేసుకుందో దాన్నే అడగండి.”

“అత్తయ్యా.”

“నన్ను పిలవకు. కడుపు కాలి నేనుంటే, మధ్యలో నన్ను లాగకు.”

“విన్నావు కదా,” అన్నాడు అప్పాజీ. “ఎక్కడో దాచుకుని ఉంటావు.”

“దాచుకుని ఉంటే చీకట్లో ఎందుకు కూర్చుంటానండి? నా గదిలో లైటు వెలగదా?”

జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే అప్పాజీ కూడా చేశాడు, గొంతు పెంచాడు.

“ఇప్పుడు చూడు బాబూ,” అని ఫోన్ యుగంధర్ ముఖం ముందు పెట్టాడు. “ఇదిగో. ‘సాయిదుర్గ, హాలు.’ ఎదురుగా నిలబడి ఉందా లేదా? ఎంత కరెక్టుగా చెప్తోందో చూడు. ఇప్పుడు నిజం చెప్పేది, రాత్రిళ్ళు అబద్ధం చెప్తుందా?”

యుగంధర్ చూశాడు. ఫోన్‌లో పేరు చూశాడు, ఎదురుగా చెల్లెల్ని చూశాడు, తల దించుకున్నాడు.

సాయిదుర్గ మాత్రం తల ఎత్తింది. తన చేతులు బోడిగా ఉన్నాయి. ఫోన్ తను హాల్లో ఉందంటోంది. అంటే ఆ బ్యాండ్ ఇప్పుడు ఈ హాల్లోనే, ఎవరో ఒకరి ఒంటి మీద ఉంది. తలుపు కింద కనపడిన పసుపుపచ్చటి వెలుతురు గుర్తొచ్చింది. అది ఆయన కాదు. బ్యాండ్ పట్టుకుని ఎవరో నడవలోంచి మెట్లవైపు వెళ్ళారు. ఇన్ని రాత్రులు తను ఏడ్చింది దానికోసం.

“ఆ ఫోన్ ఒకసారి ఇప్పించండి మావయ్యగారూ.”

“నీకెందుకు?”

“బ్యాండ్ ఎక్కడైనా పెట్టి మర్చిపోతే, ఫోన్‌లోంచి నొక్కితే అది వణుకుతుంది. ఆయన ఎన్నోసార్లు అలాగే వెతికారు. నా గదిలో ఉంటే నా గదిలో మోగుతుంది. అప్పుడు మీరేం చెయ్యమంటే అది చేస్తాను.”

అప్పాజీ ఇవ్వలేదు. యుగంధరే ఆయన చేతిలోంచి మర్యాదగా తీసుకుని చెల్లెలికి ఇచ్చాడు. అన్న ఆ రోజు చేసిన మంచిపని అదొక్కటే.

సాయిదుర్గ తన పేరు మీద వేలు పెట్టింది. కింద ఉన్న గంట బొమ్మ నొక్కింది.

బుర్ర్ మంది. పెద్ద శబ్దం కాదు. గుడ్డలో చుట్టిన తుమ్మెదలాంటి శబ్దం. వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. పాపాయమ్మ చెయ్యి చటుక్కున రొంటి మీదికి పోయింది. కడుపునొప్పి వచ్చినట్టు అరచేత్తో నొక్కిపెట్టింది.

సాయిదుర్గ మళ్ళీ నొక్కింది. మళ్ళీ బుర్ర్ మంది. ఈసారి రొంటినున్న మూటలో మెట్టెలు కూడా కదిలి సన్నగా చప్పుడు చేశాయి.

సత్తిరాజు గోరు గిల్లుకోవడం ఆపాడు. యుగంధర్ లేచి నిలబడ్డాడు. హాల్లో ఉన్న అందరూ విన్నారు. ఇక అయిపోయిందనుకుంది సాయిదుర్గ. మావయ్యగారు ఇప్పుడు ‘పొరపాటైపోయిందమ్మా’ అంటారని, ఆ మాట అంటే చాలని, తరవాత ఎన్నాళ్ళైనా ఆ మూలగదిలోనే ఉండిపోతానని అనుకుంది.

అప్పాజీ లేచి వచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. జేబులో వేసుకున్నాడు. చాలాసేపు భార్యవైపు చూశాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు. అరచెయ్యి తియ్యలేదు.

“మిషన్ అన్నాక ఒక్కోసారి తేడా చెప్తుంది,” అన్నాడు చివరికి. ఇందాక ‘నా కొడుకు పెట్టింది చెప్తోంది’ అన్న నోటితోనే అన్నాడు. “దాన్ని పట్టుకుని నేను అమ్మాయిని తప్పుపట్టను. అది వదిలెయ్ బాబూ.”

“ఆయ్ అండి,” అన్నాడు యుగంధర్.

“కాని అత్తగారి నడుములోంచి గంట మోగించి, మొగుడి ముందు, కొడుకు ముందు ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేసింది చూశావా, అది మాత్రం నేను చూసి ఊరుకునేది కాదు. ముప్ఫయ్యేళ్ళ పైబడి కాపరం చేశాను. ఆవిణ్ణి నేనే ఒక మాట అడగలేదు. రేపు ఈ ఇంటికి ఇంకో కోడలు రావాలి. వచ్చినదానికి ఈవిడ ఇవే నేర్పుతుంది.”

“మావయ్యగారూ, నేను…”

“తీసుకెళ్ళు బాబూ.”

“నిద్రకాండి?” అని అడిగాడు యుగంధర్.

“నిద్రకో, దేనికో. నేను కబురు పెట్టేదాకా అక్కడే ఉండనీ.”

ఆయన వరండాలోకి వెళ్ళిపోయాడు. సత్తిరాజు చెప్పులేసుకుని వెనకవాకిట్లోకి పోయాడు. వదిన పక్కనుంచే వెళ్ళాడు గాని, గోడ పక్కనుంచి వెళ్ళినట్టు వెళ్ళాడు. పాపాయమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసి, మేడమెట్లెక్కి పైకి పోయింది. బ్యాండ్ ఉన్న మనుషులంతా హాల్లోంచి వెళ్ళిపోయారు. లైటు ఆరిపోయింది. ఫ్యాన్ రెక్కలు ఇంకా రెండు చుట్లు తిరిగి నిలబడ్డాయి.

అన్నాచెల్లెళ్ళిద్దరూ చీకట్లో మిగిలారు.

“బట్టలు సర్దుకో,” అన్నాడు యుగంధర్.

“నువ్వూ నమ్మావా అన్నయ్యా?”

“నమ్మడం కాదే. మీ మావయ్యగారు ఫోన్ చేసినప్పుడు స్పీకర్‌లో ఉంది. మీ వదిన వింది, వాళ్ళమ్మ కూడా వింది. ఇప్పుడు కాదని ఎంతమందికి చెప్పుకురాను? పద. కొన్నాళ్ళు నోరు మూసుకుని ఉంటే అదే సర్దుకుంటుంది.”

అన్న ఇంట్లో తన బతుకేమిటో సాయిదుర్గకి ఆ మాటతో తెలిసిపోయింది. అక్కడ కూడా మూలగదే.

అప్పుడు మెట్ల మీద లైటు వెలిగింది. పసుపుపచ్చగా మొదలై, మెల్లగా పెరిగింది. సాయిదుర్గకి తెలుసు ఎవరో. తెలిసినా ఒంట్లో ప్రాణం ఒక్కసారి లేచి, మళ్ళీ కూలబడింది.

పాపాయమ్మ చివరి మెట్టు మీద నిలబడింది. యుగంధర్ ఉన్నాడని కూడా చూడలేదు.

“నేనేనే మేడెక్కేది,” అంది. “సత్తి ఊపిరి తీస్తున్నాడో లేదో చూడ్డానికి. వాడికి తెలిస్తే చిన్నపిల్లాణ్ణా అని కసురుతాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, గుమ్మం పక్కన నేల మీద పడుకుంటా. ఒకణ్ణి చూసుకోకుండా పోగొట్టుకున్నాను.”

సాయిదుర్గ మెట్లవైపు ఒక అడుగు వేసింది.

“మొదటిరోజు చీకట్లో తడుముకుంటూ ఎక్కుదామని వచ్చా. రొంటిన ఈ మూటుంది. మెట్టు మీద కాలెట్టగానే వెలిగింది. భళ్ళుమని కాదు, మెల్లగా. ‘చూసుకుని ఎక్కమ్మా’ అన్నట్టు వెలిగింది. వాడే వేశాడనుకున్నా.”

“నేనూ అలాగే అనుకున్నాను అత్తయ్యా. ఆ తలుపు వెనకాల పడుకుని.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దకర్మ తరవాత ఆ ఇంటివాళ్ళలో సాయిదుర్గ ముఖం చూసిన మొదటి మనిషి పాపాయమ్మే.

“అది నీకోసం పెట్టాడని తెలుసు,” అంది పాపాయమ్మ. “కన్నతల్లిని, నాకు వాడెప్పుడూ అలా పెట్టలేదు. నా బ్యాండ్ మేకుకి తగిలించానని నవ్వాడంతే.”

“అది మీరే ఉంచుకోండి. నాకు వద్దు,” అంది సాయిదుర్గ. “ఇంకెప్పుడూ అడగను. మావయ్యగారి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పండి, మేడెక్కింది మీరేనని. నన్ను ఇక్కడ ఉండనివ్వండి. చీకట్లోనే ఉంటాను.”

పాపాయమ్మ రొంటినున్న మూట తడుముకుంది. చాలాసేపు ఆలోచించింది. ఆవిడ నిజంగానే ఆలోచించింది, అదే ఘోరం.

“నువ్వుంటే ఎప్పటికైనా ఇది నీ చేతికే పోతుంది,” అంది. “నేను పోయాకైనా. వాడు చేసిందల్లా నీకోసమే కదా. వెళ్ళిపోవే. నువ్వు లేకపోతే వాడు నాకు మిగులుతాడు.”

వెనక్కి తిరిగి ఎక్కిపోయింది. ఆవిడ వెనకాలే మెట్ల మీద లైటు ఆరిపోయింది. పైన గది తలుపు మూసిన చప్పుడు వినపడింది.

యుగంధర్ నిట్టూర్చాడు. “విన్నావుగా. ఇంకా దేనికే ఇక్కడ? పద.”

సాయిదుర్గ గోడ తడుముకుంటూ నాలుగడుగులు వేసింది. ఏ గోడకి ఎక్కడ ఏముందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. వేళ్ళకి చల్లటి ప్లేటు తగిలింది. దాని నాలుగు మూలలా నాలుగు స్క్రూలు.

“అన్నయ్యా, నీ బండిలో స్క్రూడ్రైవర్ ఉందా?”

“ఎందుకే?”

“దీని వెనకాల స్విచ్‌లున్నాయి. ఆయన తీసెయ్యలేదు, మూసేశారంతే. నొక్కితే బ్యాండ్ లేకపోయినా లైటు వెలుగుతుంది.”

యుగంధర్ కదల్లేదు. బయట వరండాలోంచి అప్పాజీ గొంతు వినపడింది. “బాబూ, పొద్దుపోయింది, బయల్దేరండి. అమ్మాయి ముందు నడిస్తే నేను లోపలికి వస్తాను.”

సాయిదుర్గ మొదటి స్క్రూ గాడిలో గోరు పెట్టి తిప్పింది. గోరు విరిగింది. స్క్రూ కదల్లేదు.

“తెస్తావా, నన్ను గోళ్ళతోనే తియ్యమంటావా?” అని అన్నని అడిగింది.